సైమా ఎస్107 తర్వాత బయట ఎగరేయాలంటే ఏది కొనాలి, ఎలా నేర్చుకోవాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: సైమా ఎస్107జి బొమ్మ హెలికాప్టర్ హాల్లో సోఫాకీ టీవీకీ మధ్య చెప్పినట్టు వింటోంది. డాబా మీదికి తీసుకెళ్తే ఎండలో రిమోట్ అందలేదు, సాయంత్రం ఎగరేస్తే పిట్టగోడ దాటి పక్కింటి ఆవరణలో పడింది. ఇప్పుడు అలాంటిదే రెండడుగుల లోహపు బాడీది కొనాలా, సరాసరి పెద్ద 450 సైజు హెలికాప్టర్‌కి వెళ్లిపోవాలా?

రెండూ వద్దు. ముందు కంప్యూటర్‌కి కలిపి సిమ్యులేటర్ (తెర మీద ఎగరేసే ప్రోగ్రాం) ఆడుకోగల రిమోట్, తర్వాత ఒకే రోటర్ ఉన్న చిన్న హెలికాప్టర్, దాని మీద చెయ్యి తిరిగాక పెద్దది. ఎందుకో తెలియకపోతే కొట్లో డబ్బా మీది బొమ్మ చూసి మళ్లీ మోసపోతారు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఎస్107లో రెండు రోటర్లు ఒకదాని మీద ఒకటి, ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ఒకదాని మెలిని రెండోది కొట్టేస్తుంది కాబట్టి బాడీ గింగిరాలు తిరగదు. పైన అడ్డంగా, చివర బరువులున్న కడ్డీ ఉంది కదా, అది ఫ్లైబార్. బాడీ ఒరిగినా అది వెంటనే ఒరగదు, రోటర్‌ని కూడా తనతోపాటు నిలబెడుతుంది. అంటే ఇన్నాళ్లూ హెలికాప్టర్‌ని గాల్లో నిలిపింది మీ వేళ్లు కాదు, ఆ కడ్డీ. ముందుకీ వెనక్కీ వెళ్లడం తోక మీద పడుకోబెట్టిన చిన్న ఫ్యాన్ పని: అది తోకని కాస్త ఎత్తుతుంది, లేదా దించుతుంది. పక్కలకి నడిపే కంట్రోల్ అసలు లేదు. దాని గరిష్ఠ వేగం మనిషి నడకంత. ఎదురుగాలి అంతకంటే ఎక్కువైతే స్టిక్ పూర్తిగా ముందుకి నొక్కినా హెలికాప్టర్ వెనక్కే పోతుంది. ఎండలో రిమోట్ అందకపోవడానికి కారణం వేరు. అది టీవీ రిమోట్ లాగా ఇన్‌ఫ్రారెడ్ మీద నడుస్తుంది, ఎండలో ఉండే ఇన్‌ఫ్రారెడ్ ముందు రిమోట్ వెలుగు ఏ మూలకీ రాదు. బయటికి కావలసింది 2.4 గిగాహెర్ట్జ్ రేడియో.

రెండడుగుల లోహపు బొమ్మలోనూ ఇదే యంత్రాంగం, కొలతలు మాత్రమే పెద్దవి. వెడల్పాటి బ్లేడ్లు గాలికి ఇంకా బాగా చిక్కుతాయి, పడితే బరువు వల్ల ఇంకా ఎక్కువ విరుగుతాయి. ఛానెల్ అంటే రిమోట్‌తో విడిగా నడపగల ఒక్కో కదలిక. డబ్బా మీద 3.5 ఛానెల్ అని ఉంటే ఆ అర లైటుకో, మరో మీటకో చెందింది, పక్కకి నడిపేది కాదు. కొనేముందు అడగాల్సింది ఒక్కటే: కనీసం నాలుగు ఛానెళ్లు ఉన్నాయా, పైన ఒకే రోటరా?

450 సైజు ఎందుకు వద్దంటే, దాని బ్లేడు ఒక్కోటి 325 మిల్లీమీటర్లు, రోటర్ మొత్తం దాదాపు 70 సెంటీమీటర్లు. నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే బ్లేడు కొన వేగం గంటకి సుమారు 370 కిలోమీటర్లు. దాన్ని పట్టుకోలేని చేతులతో గ్రౌండుకి తీసుకెళ్తే విరిగేది బ్లేడు ఒక్కటే కాకపోవచ్చు. ఒక మోస్తరు క్రాష్‌కి మెయిన్ షాఫ్ట్, బ్లేడ్లని పట్టి ఉంచే సన్నటి ఫెదరింగ్ షాఫ్ట్, రెండు బ్లేడ్లు, మెయిన్ గేర్, ఒక్కోసారి టెయిల్ బూమ్ (తోక గొట్టం) కూడా పోతాయి. రిపేరుకి ఒక ఆదివారం, విడిభాగాలు రావడానికి మూడు వారాలు.

మధ్యలో ఉన్న చిన్న సింగిల్ రోటర్ హెలికాప్టర్లలో రెండు జాతులున్నాయి. ఫిక్స్‌డ్ పిచ్‌లో బ్లేడు కోణం మారదు. పైకి వెళ్లాలంటే రోటర్ వేగం పెరగాలి, అందుకు అర సెకను పడుతుంది. ఆ అర సెకనులో గాలి తెర వచ్చిందంటే ఒక్కసారిగా పైకి ఎగసిపోతుంది. మీరు థ్రాటిల్ తగ్గిస్తారు, అది ఆలస్యంగా విని రాయిలా దిగుతుంది. కలెక్టివ్ పిచ్‌లో రోటర్ వేగం దాదాపు ఒకేలా ఉంటుంది, బ్లేడు కోణం మారుతుంది, స్పందన వెంటనే. గాలిలో నిలబడేది ఇదే. డబ్ల్యూఎల్‌టాయ్స్ వి911ఎస్ మొదటి జాతిది, నాలుగు ఛానెళ్లది. ఎక్స్‌కే కె110ఎస్ రెండో జాతిది: ఆరు ఛానెళ్లు, 245 మిల్లీమీటర్ల రోటర్, బ్రష్‌లెస్ (లోపల రాసుకుని అరిగే బ్రష్‌లు లేని) మెయిన్ మోటార్, ఒకే సెల్లున్న 450 ఎంఏహెచ్ బ్యాటరీ. డబ్బు ఒక్కసారే పెట్టగలిగితే వి911ఎస్ వదిలేసి కె110ఎస్‌కే వెళ్లమంటాను, కానీ సిమ్యులేటర్ మీద కనీసం పది గంటలు కూర్చుంటానంటేనే. కూర్చోలేనంటే వి911ఎస్ తీసుకోండి. అది గోడకి కొట్టుకున్నా చాలాసార్లు ఏమీ కాదు.

సిమ్యులేటర్ అనగానే చాలామంది మొహం మాడ్చుకుంటారు. ఎస్107 నేర్పిన ఒక తప్పుడు అలవాటు చెప్తాను, చూడండి. దాని రిమోట్‌లో కుడి స్టిక్ ఎడమకి నొక్కితే ముక్కు ఎడమకి తిరుగుతుంది. మన దగ్గర అందరూ వాడే మోడ్ 2 రిమోట్‌లో ముక్కు తిప్పేది ఎడమ స్టిక్. కుడి స్టిక్ ఎడమకి నొక్కితే హెలికాప్టర్ మొత్తం ఎడమకి ఒరిగి పక్కకి జారుతుంది. ఇన్నాళ్లూ కండరాల్లో దిగిన అలవాటు కంగారులో తప్పకుండా బయటికొస్తుంది, మొదటి వారం క్రాష్‌లలో చాలావాటికి ఇదే కారణం. సిమ్యులేటర్లో అలవాటు మార్చుకుంటే బ్లేడు ఖర్చు లేదు.

రేడియోమాస్టర్ కంపెనీ రిమోట్లలో పాకెట్ గానీ బాక్సర్ గానీ తీసుకుంటే యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి కలపొచ్చు. సిమ్యులేటర్ హీలి-ఎక్స్, నెక్స్ట్, రియల్‌ఫ్లైట్ మూడింట్లో ఏదైనా సరే. రిమోట్ కొనేటప్పుడు రకరకాల కంపెనీల సిగ్నల్ పంపగల సీసీ2500 గానీ 4-ఇన్-1 మల్టీ ప్రొటోకాల్ మాడ్యూల్ గానీ ఉన్నది అడగండి. కె110ఎస్ ఫుటాబా ఎస్-ఎఫ్‌హెచ్‌ఎస్‌ఎస్ సిగ్నల్‌ని అందుకుంటుంది కాబట్టి అదే రిమోట్‌తో ఎగరేయొచ్చు. ఈఎల్ఆర్ఎస్ అనే వేరే రకం సిగ్నల్ మాత్రమే ఉన్న రిమోట్ తీసుకుంటే ఆ పని కుదరదు, ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు.

సిమ్యులేటర్లో విన్యాసాలు వద్దు. హెలికాప్టర్ తోక మీవైపు పెట్టి మూడు మీటర్ల చదరంలో ఒక నిమిషం నిలపండి. తర్వాత ముక్కు ఎడమకి, తర్వాత కుడికి, చివరికి ముక్కు మీవైపు. ముక్కు మీవైపు ఉన్నప్పుడు ఎడమ కుడి తారుమారవుతాయి, అసలు చదువంతా అక్కడే. ఒక చిట్కా పనిచేస్తుంది: ఏ పక్కకి జారుతోందో స్టిక్‌ని ఆ పక్కకే నొక్కండి, కిందపడబోతున్నవాడికి కర్ర ఆనించినట్టు. సిమ్యులేటర్లో గాలి గంటకి 10 కిలోమీటర్లు పెట్టి నాలుగు వైపులా ఒక్కో నిమిషం నిలిపారంటే బయటికి రావచ్చు.

థ్రాటిల్ హోల్డ్ మీట కూడా అక్కడే అలవాటు చేసుకోవాలి. పడిపోతుందని తెలిసిన క్షణంలో ఆ మీట పడితే మోటార్ ఆగుతుంది, తిరగని బ్లేడు నేలని తాకినా గేర్ పళ్లు, సర్వోలు (బ్లేడు కోణం మార్చే చిన్న మోటార్లు) బతుకుతాయి. ఐడిల్ అప్‌లో (విన్యాసాలకి వాడే మోడ్‌లో) ఉన్నప్పుడు భయంతో స్టిక్ కిందికి లాగారంటే బ్లేడు కోణం రుణాత్మకమై హెలికాప్టర్‌ని మీరే నేలకేసి కొట్టినట్టవుతుంది. మొదటి నెల ఐడిల్ అప్ మీట జోలికి పోవద్దు.

రిమోట్ సెట్టింగులు పెద్దగా లేవు. డ్యూయల్ రేట్ (స్టిక్ మొత్తం ప్రభావాన్ని తగ్గించేది) 65 శాతం, ఎక్స్‌పో (స్టిక్ మధ్య దగ్గర స్పందనని మెత్తబరిచేది) 25 శాతం దగ్గర మొదలుపెట్టండి. పిచ్ కర్వ్‌ని (స్టిక్ ఎక్కడుంటే బ్లేడు కోణం ఎంతో చెప్పేది) కింది చివర మైనస్ 2 డిగ్రీలు, పై చివర ప్లస్ 10 డిగ్రీల దగ్గర ఆపితే హోవర్ (గాల్లో ఒకేచోట నిలవడం) స్టిక్ మధ్యకి కాస్త పైన వస్తుంది.

కె110ఎస్‌లో 6జి, 3జి అని రెండు గైరో మోడ్‌లు ఉంటాయి. గైరో అంటే హెలికాప్టర్ తిరుగుడుని పసిగట్టి సరిదిద్దే పరికరం. 6జిలో స్టిక్ వదిలితే తనంతట తాను సమంగా నిలుస్తుంది. దీన్ని చూసి బయట స్టిక్ వదిలేసేవాళ్లు ఉన్నారు. సమంగా ఉండటం వేరు, ఉన్నచోట ఉండటం వేరు. గాలిలో ఒకేచోట ఉండాలంటే హెలికాప్టర్ గాలికి ఎదురు ఒరిగి ఉండాలి. 6జి ఆ ఒరుగుని తీసేస్తుంది, అప్పుడది చక్కగా సమంగా ఉంటూనే పక్క చేలోకి కొట్టుకుపోతుంది. జీపీఎస్ ఉన్న డ్రోన్‌లా ఇది ఆగదు. 6జిలో మొదలుపెట్టండి, కానీ గాలికి ఎదురు కుడి స్టిక్‌ని ఎప్పుడూ కాస్త నొక్కిపట్టే ఉంచండి. ఇరవై ముప్పై బ్యాటరీల తర్వాత 3జికి మారితే అదే హెలికాప్టర్ గాలిలో మరింత స్థిమితంగా అనిపిస్తుంది.

ఇంకో కొత్త సంగతి. ఒకే రోటర్ హెలికాప్టర్ తోక రోటర్ పక్కకి తోస్తూ ఉంటుంది. పైనుంచి చూస్తే మెయిన్ రోటర్ గడియారం ముల్లులా తిరిగితే, చాలావాటికి అంతే, నేల వదలగానే అది ఎడమకి జారుతుంది. కాస్త కుడికి ఒరిగితేనే నిలుస్తుంది. ట్రిమ్ (స్టిక్ మధ్య స్థానాన్ని సరిదిద్దే సర్దుబాటు) పాడైందనుకుని ట్రిమ్‌లు నొక్కుతూ కూర్చోవద్దు. లేచే క్షణంలో కుడి స్టిక్ కొద్దిగా కుడికి ఇవ్వండి, అంతే.

చోటు, వేళ ఎంచుకోవడంలోనే సగం పని అయిపోతుంది. డాబా మీద ఎగరేయొద్దు. పిట్టగోడకి కొట్టుకున్న గాలి లోపలివైపు సుడి తిరుగుతుంది, గోడ దాటి పైకి రాగానే ఒక్కసారిగా వేగం పెరుగుతుంది, మీది పక్కింట్లో పడింది అందుకే. అపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీ స్థలమూ అంతే. చీలమండ ఎత్తు గడ్డి ఉన్న మైదానం అన్నింటికంటే మేలు, పడితే పరుపులా పట్టుకుంటుంది. కోసిన వరి మడిలో కొయ్యలు తోకని చీలుస్తాయి. సంక్రాంతి రోజుల్లో హైదరాబాద్‌లో అయితే గాలిపటాల మాంజా కంటికి కనపడదు, ఆ రెండు వారాలు హెలికాప్టర్ ఇంట్లోనే ఉంచండి. కాకులు గుంపుగా వస్తే దించేయండి.

తెల్లవారి ఆరు నుంచి ఎనిమిది వరకు గాలి తక్కువ. నేల వేడెక్కాక తెరలు తెరలుగా వస్తుంది, కోస్తాలో పదకొండు దాటాక సముద్రపు గాలి తోడవుతుంది. యాప్‌లో చూపే గాలి వేగం కంటే వేపచెట్టు నమ్మకమైనది. ఆకు కదలకపోతే వి911ఎస్‌కి సరైన రోజు. ఆకు గలగలలాడుతూ రెమ్మ కదలకపోతే గాలి గంటకి 6 నుంచి 11 కిలోమీటర్లు, కె110ఎస్ చాలు. రెమ్మలు కూడా ఆగకుండా ఊగుతుంటే 12 దాటినట్టే, చిన్నవాటిని సంచిలోంచి తీయకండి. జూన్ నుంచి ఆగస్టు వరకు పడమటి గాలులు ఇలాంటి రోజులే ఎక్కువ ఇస్తాయి.

గాలి ముఖానికి తగిలేలా నిలబడండి, అప్పుడు తోక మీవైపు ఉంటే ముక్కు గాలికి ఎదురు ఉంటుంది, పట్టు తప్పినా మీవైపే వస్తుంది కానీ ఊరవతలికి పోదు. అందుకే నాలుగైదు మీటర్ల దూరం ఉంచండి. సూర్యుడి వైపు మాత్రం చూడకూడదు. కె110ఎస్ ఇరవై మీటర్లు దాటితే నల్లటి చుక్క, ముక్కేదో తోకేదో తెలియదు. తోక రెక్కకి మెరిసే నారింజ రంగు టేపు అంటించండి.

బ్యాటరీ పెట్టేముందు హెలికాప్టర్‌ని బయట మూడు నిమిషాలు నీడలో వదిలేయండి. ఏసీ గదిలోంచి మే నెల ఎండలోకి తెచ్చి వెంటనే ఆన్ చేస్తే, గైరో ఒక ఉష్ణోగ్రత దగ్గర సున్నా పట్టుకుని వేడెక్కుతున్న కొద్దీ తప్పుతుంది. తోక మెల్లగా తిరుగుతూనే ఉంటుంది, లేదా ఒక పక్కకి ఒరుగుతూ ఉంటుంది. బ్యాటరీ తగిలించాక చదునైన పలక మీద పెట్టి చేయి తీసేయండి, లైటు స్థిరపడేదాకా ముట్టుకోవద్దు. గడ్డి మీదనుంచి లేపొద్దు. స్కిడ్ (కింది కాలు) ఒక పక్క పోచకి తగులుకుంటే దాన్నే ఇరుసు చేసుకుని బోర్లా పడుతుంది. రెండడుగుల ప్లైవుడ్ ముక్క చాలు.

బ్లేడు మరలు కూడా చూడండి. హెలికాప్టర్‌ని పక్కకి వంచి పట్టుకుంటే బ్లేడు తన బరువుకి వాలకూడదు, కాస్త విదిలిస్తే మాత్రం వాలాలి. గట్టిగా బిగిస్తే రెండు బ్లేడ్లు సరళరేఖలోకి రాలేక వణుకు పుడుతుంది.

మొదటి పదిసార్లకి శిక్షణ కాళ్లు కట్టండి. పెద్దవాటికి కార్బన్ కడ్డీలు అమ్ముతారు, కె110ఎస్‌కి కొబ్బరి చీపురు ఈనెలు సరిపోతాయి. ఒక్కోటి ముప్పై సెంటీమీటర్లకి కోసి రెండింటిని స్కిడ్ కింద గుణకారం గుర్తులా రబ్బరు బ్యాండుతో కట్టి, నాలుగు కొనలకీ చిన్న థర్మాకోల్ ఉండలు గుచ్చండి. దిగేటప్పుడు పక్కకి జారినా బోర్లాపడదు. గాలి ఉన్న రోజు ఆ ఉండలే తెరచాపలవుతాయి, అప్పుడు తీసేయాలి.

లేపేటప్పుడు భయంతో చీలమండ ఎత్తులో ఉంచుతారు, అదే తప్పు. రోటర్ వెడల్పు కంటే తక్కువ ఎత్తులో తన గాలి తనకే తిరిగి తగిలి అటూ ఇటూ ఊగుతుంది. ఒక్క ఊపులో మీటరున్నర ఎత్తుకి తీసుకెళ్లి అక్కడ సరిదిద్దుకోండి. దించేటప్పుడు నిట్టనిలువుగా వేగంగా దిగొద్దు. తను కిందికి తోసిన గాలిలోకే తను దిగి వణుకుతూ కూలుతుంది. కాస్త ముందుకి కదులుతూ దించండి.

కె110ఎస్‌తో ఎక్కువగా వచ్చే ఇబ్బంది తోకది. వేగంగా దిగి ఒక్కసారిగా థ్రాటిల్ ఇస్తే ముక్కు గిర్రున ఎడమకి తిరుగుతుంది. మెయిన్ మోటార్ బ్రష్‌లెస్ అయినా తోకది బ్రష్ మోటారే, అరుగుతుంది. కొత్తలో లేని ఈ తిరుగుడు కొన్ని పదుల బ్యాటరీల తర్వాత మొదలైతే తోక మోటార్ మార్చండి, గైరో సెట్టింగులతో కుస్తీ పట్టొద్దు. క్రాష్ తర్వాత హెలికాప్టర్ అంతా సన్నగా వణుకుతుంటే ఫెదరింగ్ షాఫ్ట్ తీసి అద్దం మీద దొర్లించండి. వంగి ఉంటే కింద సన్నటి వెలుగు వచ్చి పోతూ కనపడుతుంది. దాన్ని సరిచేయాలని చూడొద్దు, కొత్తది వేయండి.

హెలికాప్టర్‌తోపాటే ఇవి తెప్పించుకోండి: మెయిన్ బ్లేడ్లు నాలుగు జతలు, మెయిన్ గేర్లు మూడు, ఫెదరింగ్ షాఫ్ట్‌లు రెండు, తోక బ్లేడ్లు మూడు, తోక మోటార్ ఒకటి, స్కిడ్ ఒకటి, బ్యాటరీలు ఐదు. పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతి మీద 2022 ఫిబ్రవరి నుంచి కేంద్రం నిషేధం ఉంది, విడిభాగాలకి లేదు. ఎగిరేది ఏదైనా కస్టమ్స్‌లో ప్రశ్నలు రావచ్చు కాబట్టి హెలికాప్టర్‌ని దేశంలోనే స్టాకు ఉన్నవాళ్ల దగ్గర కొనడం మేలు.

బ్యాటరీకి టైమర్ మొదట నాలుగు నిమిషాలకి పెట్టండి. దించి పది నిమిషాలయ్యాక సెల్లు 3.75 వోల్టుల దగ్గర ఉండాలి, అంతకంటే తక్కువైతే టైమర్ తగ్గించండి. 450 ఎంఏహెచ్‌కి చార్జింగ్ 0.45 ఆంపియర్లు. వారం ఎగరేయకపోతే 3.8 దగ్గర ఉంచండి. 4.2 నిండుగా పెట్టి వేసవిలో కారులో వదిలేస్తే బొరుగులా ఉబ్బుతుంది, ఉబ్బినది ఇక వాడొద్దు.

చట్టం సంగతి: 2021 డ్రోన్ నియమాలు నాలుగు రోటర్లున్నవాటికే కాదు, మనిషి లేకుండా ఎగిరేవాటన్నింటికీ వర్తిస్తాయి. 250 గ్రాముల లోపు నానో, వి911ఎస్, కె110ఎస్ రెండూ అందులోవే. నానోకి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు, రెండు కిలోల లోపువాటికి కూడా సరదాకైతే అక్కర్లేదు. కానీ ఎక్కడ ఎగరేయాలన్నది అందరికీ ఒకటే, కేంద్రం డిజిటల్ స్కై వెబ్‌సైట్ మ్యాప్‌లో మీ మైదానం పచ్చ జోన్‌లో (ముందుగా అనుమతి అక్కర్లేని చోటులో) ఉందో లేదో చూసుకోండి. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్‌తోపాటు బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఉన్నాయి, ఉత్తరం వైపు ఉండేవాళ్లకి చోటు దొరకడం కష్టం. విశాఖలో నేవీ విమానాశ్రయం ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు అయితే 250 గ్రాములు దాటినదాన్ని అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ దగ్గర నమోదు చేయాలి, బరువుతో పనిలేకుండా ట్రస్ట్ అనే భద్రతా పరీక్ష రాయాలి.

పెద్దదానికి ఎప్పుడు వెళ్లాలంటే, కె110ఎస్‌ని 3జిలో, వేపాకు గలగలలాడే గాలిలో, ముక్కు మీవైపు పెట్టి అర నిమిషం నిలిపి, ఎడమకీ కుడికీ ఎనిమిది అంకె చుట్టగలిగినప్పుడు. అప్పుడు కూడా 450 కంటే ముందు ఓఎంపీహాబీ ఎం2 చూడమంటాను. 400 మిల్లీమీటర్ల రోటర్, మూడు సెల్లుల 650 ఎంఏహెచ్ బ్యాటరీ, మెయిన్ రోటర్‌నీ తోకనీ మోటార్లే నేరుగా తిప్పుతాయి కాబట్టి విరగడానికి గేర్ పళ్లే ఉండవు. గంటకి 20 కిలోమీటర్ల గాలి వరకు నిబ్బరంగా ఉంటుంది. దాని దగ్గర పది మీటర్ల లోపు ఎవరూ ఉండకూడదు, పిల్లలు అస్సలు.